నలభై ఆరో ఇల్లు

లక్ష్మీనర్సమ్మకు ఓటంటే ఎప్పుడూ ప్రేమ లేదు. కోపమూ లేదు. రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టే బడి ముందు వరుసలో నిలబడేది. వేలికి సిరా పూయించుకుని, గొర్రెలకు పొద్దెక్కుతోందని గబగబా ఇంటికొచ్చేది. ఎవరికి వేయాలో మొదట్లో భర్త చెప్పేవాడు. అతను పోయాక బావ చెప్పేవాడు. ఓటు వజ్రాయుధమని మండలాఫీసు గోడ మీద రాయించేవాళ్లు ఇలాంటి మనిషిని చూసి నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు అనవసరం. పాతికేళ్లుగా వేసిన ఓట్ల వల్ల తన గొర్రెల దొడ్డి దాకా వచ్చిన మార్పు ఆమె ఒక్కటీ చూడలేదు. చూడనిదాన్ని నమ్మకపోవడం తెలివితక్కువతనం కాదు.

ఇది 2019 జనవరి పంచాయతీ ఎన్నికలనాటి సంగతి. ఊరి పేరూ మనుషుల పేర్లూ మార్చి రాయక తప్పలేదు. ఊరిని ఈదులకుంట అనుకుందాం. నార్కట్‌పల్లి చౌరస్తా నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఊరికి తూర్పున తోడేలుగుట్ట. దాని మీద పంట పండదు. రాళ్ల సందుల్లో గడ్డి, తుమ్మ, రేగు కంప. గుట్ట కింద కుంటలో వానలు బాగుంటే ఎండాకాలం మొదటిదాకా నీళ్లుంటాయి. నలభై అయిదు కురుమ ఇళ్ల గొర్రెలు బతికేది దాని మీదే.

నలభై అయిదు అన్నది కులం లెక్క. తలుపులు లెక్కపెడితే నలభై ఆరు. తేడా లక్ష్మీనర్సమ్మ ఇల్లే. 2014లో చిట్యాల దగ్గర హైవే మీద మందను దాటిస్తుండగా లారీ వచ్చి గుద్దింది. పదకొండు గొర్రెలూ ఆమె భర్తా అక్కడికక్కడే పోయారు. నెల తిరిగేసరికి ఆమే కర్ర పట్టుకుని గుట్టెక్కింది. ఆడది మంద కాయడమేమిటని నవ్వినవాళ్లు ముప్పై గొర్రెలు డెబ్బై అయ్యేసరికి నవ్వడం మానేశారు. కులం మాత్రం ఆమె ఇంటిని బావ కొమురయ్య ఇంట్లో కలిపేసింది. బీరప్ప పండుగనాడు యాటలు కోసి ఇంటికొక పోగు పెడతారు. ఆమె పోగు కొమురయ్య గిన్నెలోకి పోయేది. అక్కడి నుంచి అతని భార్య, తన యారాలు గోవిందమ్మ తీసి పెట్టేది.

"బొక్కలన్నీ నీకేసి కండంతా నేను ఉంచుకున్న అనుకునేవు. సూడు, సమానంగనే ఏసిన" అనేది గోవిందమ్మ.

"నేనేమన్ననా అక్కా?"

"నోటితోని అనకపోతివి. కండ్లతోని అంటున్నవ్ గదనే."

గోవిందమ్మ అబద్ధం చెప్పలేదు. ఆమె వాటా ఎప్పుడూ సరిగానే వచ్చేది. అయినా ఒకరి గిన్నెలోంచి వచ్చిన సమానం అయిదేళ్లుగా ఆమెకు మింగుడుపడలేదు.

పోలింగు నాలుగు రోజులుందనగా కులపెద్ద పరశురాములు ఆమె వాకిట్లోకి వచ్చాడు. అయిదేళ్లలో అదే మొదటిసారి.

"నర్సమ్మా, రేపు పొద్దుగాల బీరప్ప కాడ కులం కూసుంటాంది. నీ ఇంటికి నువ్వే రావాలె."

"నేనా మామా? బావ రాడా?"

"ఆయన ఇంటికి ఆయన. నీ ఇంటికి నువ్వు. గిన్నేండ్ల సంది మంద కాస్తలేవా? నీది ఇల్లు కాదా?"

ఎందుకు కూర్చుంటున్నారని ఆమె అడగలేదు. పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసింది. కూతురు స్నేహలత చిట్యాల దగ్గరి ఒక కంపెనీలో మందు పెట్టెలు సర్దే పనికి పోతుంది. ఇరవై ఒక్కేళ్లది. తల్లి చీర మడత విప్పడం చూసి "ఎవరి పెండ్లమ్మా?" అంది.

"నాదే" అంది లక్ష్మీనర్సమ్మ. చాలా కాలానికి ఆ ఇంట్లో ఇద్దరూ నవ్వారు.

బీరప్ప గుడి ముందు నల్ల గొంగడి పరిచారు. దాని మీద ఇత్తడి పళ్లెంలో పసుపు గుట్టగా పోశారు. దేవుడి ముందు పెట్టిన ఆ పసుపును కురుమలు బండారి అంటారు. దాంట్లో చెయ్యి పెట్టి అన్న మాటకు తిరుగులేదు. ఈదులకుంటలో దీనికొక పద్ధతుంది. ముందు ఒట్టు, తర్వాత గుర్తు. ఇంటికొకరు వచ్చి బండారిలో చెయ్యి పెట్టి, తన ఇంటి ఓట్లన్నీ కులం చెప్పిన గుర్తుకే అని ఒట్టు వేయాలి. అందరిదీ అయ్యాక కులపెద్ద ఆ గుర్తేమిటో చెబుతాడు. ముందే చెబితే ఎవరికి వాళ్లు బేరాలు పెడతారని పెద్దల వాదన. మగవాళ్లకు దీంతో చిక్కేమీ లేదు. గుర్తు సంగతి వారం ముందే కల్లు దుకాణంలో తెలిసిపోయి ఉంటుంది. కల్లు దుకాణానికి పోని ఇంటికే తెలియదు.

కొమురయ్య చెయ్యి పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు నలభై అయిదు మంది పెట్టారు. పరశురాములు అటూ ఇటూ చూసి, అందరికీ వినబడేలా "నలభై ఆరో ఇల్లు" అని పిలిచాడు. ఆమె లేచి వెళ్లి కుడిచెయ్యి మణికట్టు దాకా బండారిలో ముంచింది.

"నా ఇంటి రెండు ఓట్లు కులం చెప్పిన గుర్తుకే. తప్పితే నా మందను బీరప్ప తీస్కపోవాలె."

వెనక ఎవరో "మొగోని లెక్క జెప్పింది" అన్నారు. ఆ మాట ఆమెకు నచ్చిందని తర్వాత ఆమే ఒప్పుకుంది.

గుర్తు ఉంగరం. సర్పంచుకు నిలబడ్డ మనిషి అమరేందర్, రోడ్డు కాంట్రాక్టులు చేసేవాడు. గుడి ముందు రేకుల షెడ్డు వేయిస్తానన్నాడట. సరే, వేయించనీ అనుకుంటూ ఆమె ఇల్లు చేరింది. గోళ్ల సందుల్లో పసుపు ఉండిపోయింది. కడుక్కోవాలనిపించలేదు.

మర్నాడు గుట్ట మీద ఇద్దరు మనుషులు కనిపించారు. కింద జీపు ఆగి ఉంది. టేపు పట్టి కొలుస్తూ బండల మీద సున్నంతో గీతలు గీస్తున్నారు. ఏం చేస్తున్నారని అడిగితే ఒకడు తల ఎత్తకుండానే చెప్పాడు. "కంకర మిషన్ వస్తాందమ్మా. అమరేందర్ సార్ గెలిచి పంచాయతీ తీర్మానం ఇస్తే అయిపాయె. గొర్లను గింకో దిక్కు తోలుకోవాలె."

ఇంకో దిక్కు లేదు. పడమర అంతా పత్తి చేలు, ఉత్తరాన వెంచర్ల కంచెలు, దక్షిణాన హైవే. హైవే ఏం చేస్తుందో ఆమెకు తెలుసు.

మందను గుట్ట మీదే వదిలి పరశురాములు ఇంటికి వచ్చింది. అతను అరుగు మీద కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు.

"మామా, గుట్ట కంకర మిషనుకు పోతాందట."

"పోతాంది. అయితే?"

"నీకు ఎరుకేనా?"

"ఎరుక లేక? గుట్ట సర్కారుది. మన తాతలదా?"

"దుమ్ము పడ్డ గడ్డి గొర్రె ముట్టదు. కుంటల బూడిద పడితే నీళ్లు తాగదు. నీ గొర్లు మాత్రం ఏం తింటయి?"

"నా గొర్లు కిందటేడే అమ్మిన" అన్నాడు పరశురాములు. గడ్డం గీసేవాడు నవ్వు ఆపుకున్నాడు.

"గీ ముచ్చట ముందుగాల చెప్పకపోతివి."

"ఎవలడిగిండ్రు? నీ చెయ్యి ఎవలన్న పట్టుకొచ్చి పెట్టిండ్రా? మంచిగ చీర గట్టుకొని వచ్చి నువ్వే పెడితివి." అతను తువ్వాలతో మొహం తుడుచుకుని గొంతు తగ్గించాడు. "ఇగో, ఇంకో మాట ఇను. మన వాడంతా ఒకటే వార్డు, తొమ్మిదోది. డబ్బా ఇప్పేటప్పుడు మా సాయికిరణ్ ఏజెంటుగా అక్కడ్నే కూసుంటడు. ఒక్క ఓటు అటుపోయినా దొరుకుతది. నలభై అయిదు ఇండ్లు ఎన్నడు తప్పినోళ్లు కాదు. కొత్తగ చేరిన ఇల్లు ఒక్కటే."

ఓటు రహస్యమని చట్టం చెబుతుంది. నూట ముప్పై ఎనిమిది ఓట్ల వార్డులో, అందరూ ఒకే కులమైన చోట, ఆ రహస్యం పలుచటి గుడ్డ కట్టిన కిటికీ లాంటిది. లోపల ఎవరున్నారో తెలియకపోవచ్చు. ఎవరో ఉన్నారని తెలుస్తుంది. అనుమానించడానికి మనిషి ముందే సిద్ధంగా ఉంటే అంతకన్నా ఏం కావాలి? ఆమెను ఇల్లుగా లెక్కించింది అందుకేనని లక్ష్మీనర్సమ్మకు ఆ అరుగు ముందు అర్థమైంది.

సర్పంచుకు పోటీలో ఉన్న రెండో మనిషి యాదగిరి. గుర్తు కత్తెర. అతను పుణ్యాత్ముడేమీ కాదు. వార్డు మెంబరుగా ఉన్న రోజుల్లో మురుగు మోరీలు తన ఇంటి ముందు వరకే కట్టించుకున్నాడు. కంకర మిషన్ రానివ్వనని అతను చెప్పడానికి కారణం గొర్రెలు కాదు. గుట్ట కింద అతనికి ఆరెకరాల పత్తి ఉంది. దుమ్ము ముందు దాని మీదే పడుతుంది. ఓటు గురించి నీతులు చెప్పేవాళ్లు ఇక్కడ ముక్కు చిట్లిస్తారు. లక్ష్మీనర్సమ్మ చిట్లించలేదు. తన అవసరమూ అతని స్వార్థమూ ఒకే గుట్టకు కట్టి ఉన్నాయని చూసింది, అంతే. కానీ చెయ్యి బండారిలో ఉంది.

సాయంత్రం బావ దగ్గరికి పోయింది. కొమురయ్య గొర్రె పిల్లలను గంప కింద మూస్తున్నాడు.

"బావా, గుట్ట పోతాంది."

"ఊఁ."

"నీకు నూరు గొర్లున్నయి. నువ్వేం జేస్తవ్?"

"ఒట్టు పెట్టినం నర్సమ్మా" అన్నాడు అతను, మొహం తిప్పకుండా. "గా ముచ్చట మళ్ల తియ్యకు. గోడలకు చెవులుంటయి."

లోపలి నుంచి గోవిందమ్మ గొంతు వినిపించింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టుడు మన ఇంట లేదని చెప్పు. ఇల్లు గావాలె, ఇల్లు గావాలె అని కండ్లతోని అడిగింది గద. అయింది గద ఇల్లు!"

స్నేహలతకు ఇదంతా విసుగు. నెల కిందనే అసెంబ్లీకి వేశాం, ఇప్పుడు మళ్లీనా అంది. ఆమె కంపెనీలో ఈ ఊరి వాళ్లే పదిమంది ఉన్నారు, ఒక్కరికీ ఎవరు నిలబడ్డారో సరిగా తెలియదు. హైదరాబాదులో ఉంటున్న అరవై మందిలో బస్సు ఎక్కుతామన్నవాళ్లు చేతివేళ్లకు మించరు.

"ఎవరు గెలిచినా మన గొర్లకు గడ్డేస్తరా అమ్మా?"

"గడ్డెయ్యరు. ఉన్న గడ్డి తీస్తరు."

"అయితే పోకు. జరమొచ్చిందని పండుకో."

"ఇంటి రెండు ఓట్లని చెప్పిన. పోకున్నా తప్పినట్టే."

"నోటాకు గుద్దు. అందరికంటే కింద ఉంటది. ఎవ్వరికీ కాదని."

లక్ష్మీనర్సమ్మ అడిగింది. "ఎవ్వరికీ కాకపోతే గుట్ట ఎవ్వరికైతది?"

నోటా మీద పెద్ద పెద్ద వ్యాసాలు రాసినవాళ్లూ ఈ ప్రశ్న జోలికి పోలేదు.

పోలింగు రోజు ఏడింటికే తొమ్మిదో వార్డు వరుస కట్టింది. గదిలోకి పోతే రెండు కాగితాలిచ్చారు. వార్డు మెంబరుకు తెల్లది, సర్పంచుకు గులాబీది. అట్ట అడ్డు పెట్టిన బల్ల మీద ముద్ర ఉంది. తెల్ల కాగితం మీద గుద్దడానికి ఏ ఇబ్బందీ రాలేదు. అక్కడ నిలబడింది ఒక్క కులపు వాళ్లే, ఎవరైనా ఒకటే. గులాబీ కాగితం ముందు ఆమె చెయ్యి ఆగిపోయింది. ఉంగరం పైన, దాని కిందే కత్తెర. మధ్యలో ఒక్క గీత.

బయట ఎవరో దగ్గారు. అధికారి "తొందరగమ్మా" అన్నాడు.

ముద్ర కుడిచేతిలో ఉంది. బండారిలో ముంచిన చెయ్యి అదే. ఆమె ముద్రను ఎడమచేతిలోకి మార్చుకుంది. ఒట్టు వేసింది ఈ చెయ్యి కాదు. దేవుడు ఈ వాదన వింటాడో లేదో ఆమెకు తెలియదు. అంతకు మించిన వాదన దొరకలేదు. కత్తెర మీద గుద్దింది. అలవాటు లేని చెయ్యి పక్కకు జరిగింది. ముద్ర అంచు పై గీతను తాకింది. దాటిందా, తాకి ఆగిందా అన్నది సరిగా కనబడలేదు. మళ్లీ గుద్దితే చెల్లదని తెలుసు. కాగితం మడిచి డబ్బాలో వేసింది.

స్నేహలత బయటికొచ్చాక ఇద్దరూ కలిసి నడిచారు.

"ఏసినవా?"

"ఏసిన."

ఇద్దరూ దొడ్డి తలుపు తీసి మందను బయటికి తోలారు.

మధ్యాహ్నం రెండింటికి లెక్కింపు మొదలైంది. నాలుగయ్యేసరికి ఊరంతా తెలిసింది. అమరేందర్‌కు అయిదు వందల అరవై ఒకటి, యాదగిరికి అయిదు వందల నలభై నాలుగు. తేడా పదిహేడు. హైదరాబాదు నుంచి రాని వాళ్లు యాభై మంది పైనే. ఎవరు గెలిస్తే ఏముందని వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఏముందో గుట్ట మీది సున్నం గీతలు చెబుతున్నాయి.

అమరేందర్ ఇంటి ముందు టపాకాయలు పేలుతుండగా సాయికిరణ్ చెమటలు కక్కుతూ తండ్రి పరశురాములు దగ్గరికి వచ్చాడు. తొమ్మిదో వార్డు డబ్బా విప్పినప్పుడు అతను కాగితం కాగితం చూశాడు. పోలైనవి నూట ఇరవై తొమ్మిది. ఉంగరానికి తొంభై రెండు. కత్తెరకు ముప్పై ఒకటి. చెల్లనివి ఆరు.

ఒకటో రెండో పోయి ఉంటే లక్ష్మీనర్సమ్మ పని ఆ రాత్రే అయిపోయేది. ముప్పై ఒకటి పోయాయి.

మర్నాడు పొద్దున కులం మళ్లీ గొంగడి మీద కూర్చుంది. లక్ష్మీనర్సమ్మ తేల్చుకునే వచ్చింది. తప్పు కింద ఎంత జరిమానా కట్టమంటే అంత కట్టాలి, ఒక యాటను ఇవ్వమంటే ఇవ్వాలి, ఆ బరువు దించుకోవాలి. ఆమె కోరుకున్నది అదొక్కటే. పరశురాములు బండారి పళ్లెం మధ్యలోకి తోసి లేచి నిలబడ్డాడు.

"తప్పినోళ్లెవలో బయటపడాలె. ఇంటికొక్కరు వచ్చి చెయ్యి పెట్టి చెప్పుండ్రి, తప్పలేదని."

ఎవరూ కదలలేదు. మూల నుంచి ఒక ముసలాయన గొణిగాడు. "మొదలు నువ్వు పెట్టు పరశురాములూ. నీ ఇంట్ల అయిదు ఓట్లాయె. అయిదుగురి మీద నమ్మకమున్నదా నీకు?"

పరశురాములు కొడుకు వైపు చూశాడు. సాయికిరణ్ నేల చూశాడు. ఇంట్లో కోడలు, భార్య, చిన్న కొడుకు ఉన్నారు. పరశురాములు పళ్లెం వైపు ఒకసారి చూసి, లేని దగ్గు దగ్గాడు.

"దేవున్ని ఊకె ఊకె తిప్పలు పెట్టుడెందుకు" అన్నాడు చివరికి. "బీరప్పకు తెల్వదా? ఆయనే చూసుకుంటడు. లేవుండ్రి."

అందరూ లేచి గొంగళ్లు దులుపుకున్నారు. లక్ష్మీనర్సమ్మ మాత్రం కూర్చునే ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పడానికి లేదు. చెప్పలేదు కాబట్టి తప్పు కట్టడానికి లేదు. తప్పు కట్టి ఉంటే ఒట్టు అక్కడితో తీరిపోయేది. ఇప్పుడు తీర్చవలసింది కులం కాదు, బీరప్ప. ఆయన ఎప్పుడు వస్తాడో చెప్పడు. పైగా ఆ చెల్లని ఆరింటిలో తనదొకటేమో. ఒట్టు తప్పిందన్నది నిజం, ఓటు పడిందన్నది నిజం కాకపోవచ్చు. ఈ రెండింటి మధ్య ఎటూ కదలలేక ఆమె ఆ నెలంతా గడిపింది. ఒక పిల్ల దగ్గితే లేచి కూర్చునేది. ఒక గొర్రె మేత మానితే దాని నోరు తెరిచి చూసేది.

అమరేందర్‌కు ఇంకో రకం ఇబ్బంది మొదలైంది. తన జేబులో ఉందనుకున్న వాడలో ముప్పై ఒక్క మంది తన వాళ్లు కాదు. వాళ్లెవరో తెలిసి ఉంటే పక్కన పెట్టి మిగతావాళ్లతో కాలం గడిపేవాడు. తెలియదు కనుక అందరికీ నమస్కారం పెట్టవలసి వచ్చింది. ఒక పొద్దున లక్ష్మీనర్సమ్మ వాకిట్లోకీ వచ్చాడు.

"అక్కా, మంచిగున్నవా? మీ ఇల్లు మనదే గదా?"

"ఇల్లు నాదే" అంది ఆమె.

అతను ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుని, నవ్వి, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో మొదటి గ్రామసభ పెట్టారు. కార్యదర్శి చదివిన కాగితంలో వీధి దీపాలున్నాయి, నల్లాలున్నాయి, చెత్త బండి ఉంది. కంకర మిషన్ లేదు. యాదగిరి లేచి అడిగాడు. అమరేందర్ కురుమవాడ వాళ్లు కూర్చున్న వైపు ఒక చూపు చూసి, "పార్లమెంటు ఓట్లు కానీయి, చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే వద్దని కాదు. జూన్ సభలోనూ, అక్టోబర్ సభలోనూ చూద్దాం అనే అన్నాడు. గుట్ట మీద సున్నం గీతలు వానకు చెరిగి, మళ్లీ ఎవరో వచ్చి గీశారు. ఓడిన ఓట్లు గుట్టను కాపాడలేదు. గెలిచినవాడి చేతిని ఏడాది పాటు సంతకం దగ్గర పట్టి ఆపాయి. ఓటు గురించి ఇంతకు మించి చెబితే అబద్ధమవుతుంది. ఇంతకు తగ్గించి చెప్పినా అబద్ధమే.

ఆ ఫిబ్రవరి నుంచే లక్ష్మీనర్సమ్మ గుట్టకు పోయే దారి మార్చింది. సూటి దారి బీరప్ప గుడి ముందు నుంచి పోతుంది. ఆమె మందను పాత ఇటుక బట్టీ వెనక నుంచి తిప్పి తోలడం మొదలుపెట్టింది. కిలోమీటరు ఎక్కువ. ఒక్క గడ్డిపోచ ఉండదు, అంతా బూడిద, పగిలిన ఇటుక పెళ్లలు. గొర్రెల కాళ్లు కోసుకుంటాయి. అయినా దేవుడి ఎదుట పడకుండా గుట్ట చేరవచ్చు.

వారం పోయాక ఒక పొద్దున ఆ బట్టీ మలుపులో వెనక నుంచి గంటల చప్పుడు వినిపించింది. కొమురయ్య నూరు గొర్రెలతో అదే బూడిదలో నడిచి వస్తున్నాడు. అతని వెనక గోవిందమ్మ, నెత్తిన సద్ది గంపతో. ముగ్గురూ ఆగారు. రెండు మందలూ కలిసిపోయి ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి.

"ఏంది బావా, గిటు పడ్డరు?" అంది లక్ష్మీనర్సమ్మ.

కొమురయ్య చుట్టూ ఉన్న ఇటుక పెళ్లలను చూశాడు.

"గిటు గడ్డి మంచిగున్నది" అన్నాడు.

గోవిందమ్మ నోరు తెరిచింది. ఆమె దగ్గర ప్రతి మాటకూ ఒక మాట ఉంటుంది. ఈసారి గంప దించి, యారాలి మందలోంచి తమ గొర్రెలను ఒక్కొక్కటిగా వేరు చేయడం మొదలుపెట్టింది.

"అవును బావా" అంది లక్ష్మీనర్సమ్మ. "మంచిగున్నది."